గీకే వదిన, పెంచే ఆడపడుచు

ఫిబ్రవరి 9

నా ఒక్కగానొక్క ఆడపడుచుకు,

ఫోన్ ఎత్తడం లేదని అలగకు. పడవల యార్డులో గ్రైండర్ మోత మధ్య నువ్వు "ఊ" అన్నావో "ఊహూ" అన్నావో నాకు తెలిసి చావడం లేదు. నేను గట్టిగా అరిస్తే తననే పిలిచాననుకుని మీ అన్నయ్య పరిగెత్తుకొస్తున్నాడు. పైగా ఫోన్‌లో మనం మాట్లాడుకునేదేముంది? తిన్నావా, తిన్నాను, నువ్వు తిన్నావా, తిన్నాను, సరే ఉంటాను. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. నీ రాత కోడి గీకినట్టుంటుందని తెలుసు. గీకుడు నాకు అలవాటే.

నీకు ఉద్యోగం వచ్చిందని మీ అన్నయ్య చెప్పినప్పుడు ఎంత పొంగిపోయానో. ఏం ఉద్యోగం అంటే "సముద్రం మీద పరిశోధన" అన్నాడు. అంత క్లుప్తంగా చెప్పాడంటే ఏదో దాస్తున్నాడని గుచ్చి గుచ్చి అడిగాను. అప్పుడు నసిగాడు. పడవ అడుగున అంటుకునే తెల్ల గుల్లలున్నాయే, బార్నకిల్స్, వాటి పిల్లల్ని పెంచడమట.

నా చేతిలోని గీకే పార జారి కాలి మీద పడబోయింది. ఈ ఇంటి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ నేను చేసిందేమిటి? పడవ ఒడ్డుకెక్కించడం, గుల్లలు గీకడం, రంగు వేయడం, మళ్ళీ నీళ్ళలోకి దింపడం. మీ నాన్నగారు, మీ అన్నయ్య, నేను, ఇంటిల్లిపాదీ వాటిని గీకి బతుకుతుంటే, నువ్వు అంత చదువూ చదివి వాటికి పాలుపట్టే ఉద్యోగం సంపాదించావు. ఈ మాట పైకే అన్నాను. మీ అన్నయ్య నవ్వాడు. వారానికో మాట మాట్లాడే మనిషి అంత పొడుగు నవ్వు నవ్వేసరికి, రంగు డబ్బా మోసుకొస్తున్న మేస్త్రీ అడుగు తీసి అడుగు వేయలేదు.

నవ్వులకేం గానీ, ఇందులో నా స్వార్థం కూడా కాస్త ఉంది. అడుగు రంగు సంగతి నీకు తెలియనిది కాదు. అందులో కలిపే మందు కొత్తలోనే ఘాటుగా ఉంటుంది, గుల్లలు దగ్గరికి రావు. పడవ నానే కొద్దీ ఘాటు పోతుంది. కాబట్టి గుల్లలొచ్చే ముందే రంగు పడాలి, మరీ ముందు పడకూడదు. ముందేస్తే రంగు దండగ, ఆలస్యమైతే పడవ దండగ. గుల్లలు పట్టిన పడవ ఇంజను ఎంత మొత్తుకున్నా కదలదు, డీజిలు మాత్రం తాగుతుంది.

ఇన్నాళ్ళూ రంగు ఎప్పుడు వేయాలో మీ నాన్నగారు చెప్పేవారు. ఆయన ఫలానా వారం అంటే రేవంతా ఆ వారమే. ఇప్పుడు యార్డు తాళాలు నా చేతిలో పెట్టి, పడవలు ఒడ్డుకెక్కించే ర్యాంపు పక్కన కుర్చీ వేసుకున్నారు. "ఎప్పుడంటారు మామయ్యా" అంటే "నీ ఇష్టం తల్లీ" అంటున్నారు. కొడుకుని కాదని కోడలికి తాళాలిచ్చారని పడవల సంఘంవాళ్ళు అప్పుడే మూతులు ముడిచారు. ముఖ్యంగా ప్రెసిడెంటు. ఆయన్ని మేం చాటుగా సైరన్ అంటాం, గొంతు అలాంటిది. రేవులో సగం పడవలు ఆయనవే. మొదటి ఏడాదే నా మాట తప్పిందంటే అవన్నీ అవతలి ఒడ్డు యార్డుకు పోతాయి. వాటి వెనకే మిగతావి.

వాటిని దగ్గరుండి పెంచుతున్నదానివి, నువ్వే చెప్పు. గుల్లలు ఎప్పుడొస్తాయి?

ఒక చేత్తో పార, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని,
నీ వదిన

ఫిబ్రవరి 17

వదినా,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదువుతూ టీ ఒలకబోసుకున్నాను. పక్కన కూర్చున్న మా డాక్టరమ్మ, అంటే ఈ పరిశోధనకు పెద్ద, ఏమైందని అడిగారు. "మా వదిన" అన్నాను. ఆవిడకు అర్థమైనట్టే తలూపారు. ఆవిడకూ ఒక వదిన ఉందట.

పాలుపట్టడమని వెక్కిరించావు గానీ, ఇంచుమించు అదే పని. కిటికీల్లేని పొడవాటి గది నాది. గోడ వారగా మూడు నీళ్ళ తొట్లు. ఒకటి చల్లగా, ఒకటి గోరువెచ్చగా, ఒకటి బాగా వెచ్చగా ఉంటాయి. తొట్లలో గాజు సీసాలు, సీసాల్లో నా పిల్లలు. ఇసుక రేణువు కంటే చిన్నవి. సీసా పక్కన దీపం పెడితే అన్నీ తెడ్లు వేసుకుంటూ వెలుగు వైపు వచ్చేస్తాయి. వాటి తిండి కంటికి కనపడని నాచు. దాన్నీ నేనే వేరే జాడీల్లో పెంచి, పొద్దునా సాయంత్రం కొలిచి పోస్తాను. అంటే నేను పిల్లలకు తల్లినీ, వంటమనిషినీ, కూరగాయల తోటమాలినీ కూడా.

పెరిగే కొద్దీ బిగుతైన చొక్కా విడిచినట్టు పైపొర విడుస్తాయి. అలా కొన్నిసార్లయ్యాక రూపం మారిపోతుంది. ఆ ఆఖరి దశలో ఇక తిండి ముట్టవు. అంతకుముందు తిని ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే తిరుగుతూ ఇల్లు వెతుక్కుంటాయి. నచ్చిన చోట తల ఆనించి, జిగురు కక్కి, అంటుకుపోతాయి. గుల్ల కట్టుకున్నాక జీవితాంతం తలకిందులుగా ఉండి, తిండిని కాళ్ళతో నోట్లోకి తోసుకుంటాయి. అన్నయ్యలాగా అనకు. అన్నయ్య కనీసం లేచి చెయ్యి కడుక్కుంటాడు.

నీ ప్రశ్నకు వస్తాను. వేడి వాటిని తరుముతుంది. చల్లటి తొట్టిలోవి ఇంకా బడి ఈడుకు రాలేదు, వెచ్చటి తొట్టిలోవి అప్పుడే పెళ్ళీడుకొచ్చాయి. ఒకే తల్లి పిల్లలంటే నమ్మలేవు. కాబట్టి నీళ్ళు వెచ్చగా ఉన్న ఏడాది గుల్లలు తొందరగా వస్తాయి. తిండి సంగతి ఇంకా తేలలేదు, సీసాలు నడుస్తున్నాయి. అది వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నన్ను ఇక్కడ తీసుకున్నది ఈ ఒక్క సీజనుకే. ఫలితాలు చూసి పర్మనెంటు చేస్తారో లేదో చెప్తారట. నాన్నకు చెప్పకు, కుర్చీలోంచి లేచి ఇక్కడికి సిఫారసుకు వచ్చేస్తారు.

నాచు మరకల చేతులతో,
నీ ఆడపడుచు

మార్చి 1

అమ్మడూ,

నువ్వు దేవతవి. నీ ఉత్తరం సరిగ్గా సంఘం మీటింగు రోజున అందింది. షికారు పడవల టిక్కెట్ల గది ముందు అందరూ బెంచీల మీద కూర్చుని ఉన్నారు. నేను నిలబడి మొత్తం చదివి వినిపించాను. అన్నయ్య చెయ్యి కడుక్కునే ముక్క వదిలేశాననుకున్నావా, రెండుసార్లు చదివాను.

సైరన్ కాలు మీద కాలేసుకుని విన్నాడు. "చదువుకున్న పిల్ల రాసిందంటే కాదనను. కానీ అక్కడ కూర్చుంటే ఇక్కడి నీళ్ళ సంగతి ఆ అమ్మాయికేం తెలుసు?" అన్నాడు.

"నీళ్ళు ఎలా ఉన్నాయో మీరే చెప్పండి" అన్నాను.

ఆయన గట్టు దిగి చెయ్యి ముంచాడు. "స్నానానికి కాచినట్టున్నాయి."

"మరి వెచ్చగా ఉంటే తొందరగా వస్తాయని రాసిందా, లేదా?"

ఆయన చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఎప్పుడూ వేసేదానికంటే బాగా ముందే అందరం రంగు వేసేయాలని తీర్మానమైపోయింది. ఇప్పుడు ర్యాంపు మీద పడవ పక్కన పడవ. పడవల్ని పైకి లాగే వించికి ఊపిరాడటం లేదు. నా జుట్టు నీలం, మీ అన్నయ్య చెవులు ఎరుపు. మామయ్య కుర్చీని రెండుసార్లు వెనక్కి జరిపాం. "ఇంకా జరిపితే రోడ్డు మీదకి పోతాను తల్లీ" అంటున్నారు.

నీ పుణ్యమా అని ఈ ఏడాది గడ్డెక్కాను. తిండి సంగతి తీరిగ్గా రాయి, తొందరేం లేదు. నువ్వు మాత్రం వేళకు తిను.

నీలం జుట్టు వదిన

మార్చి 6

వదినా,

మంచి వార్తా చెడ్డ వార్తా ఒక్కటే అయి కూర్చుంది. చెడ్డదేమిటంటే నా పిల్లల్లో చాలా పోయాయి. మంచిదేమిటంటే ఎందుకు పోయాయో తెలిసింది.

ప్రతి తొట్టిలోనూ సగం సీసాలకు కడుపునిండా నాచు పెట్టాను, సగం సీసాలకు అరకొరగా పెట్టాను. చల్లటి తొట్టిలో అరకొర తిన్నవి నత్తనడకే గానీ, సగానికి పైగా బతికే ఉన్నాయి. వెచ్చటి తొట్టిలో కడుపునిండా తిన్నవి చూడముచ్చటగా పెరిగి, అందరికంటే ముందు గట్టెక్కాయి. వెచ్చటి తొట్టిలో అరకొర తిన్నవి మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన ఆ కాసినీ ఆఖరి దశకు చేరాయి, కానీ బక్కగా, ఒంట్లో చుక్క కొవ్వు లేకుండా. ఇల్లు వెతికే ఓపిక లేక సీసా అడుగున చేరి కదలడం మానేశాయి. చూస్తే జాలేసింది. వేడి వాటి వయసునే కాదు, ఆకలిని కూడా పెంచుతోంది. పెరుగుదలంతా పరుగులా జరిగితే దానికి తగ్గ తిండి పడాలి కదా.

అంటే ఒట్టి వేడి చూసి ఏమీ చెప్పలేం. వేడీ తిండీ రెండూ కలిపి చూడాలి. డాక్టరమ్మ ఈ మాట విని నా భుజం తట్టారు, తర్వాత చెయ్యి చూసుకుని నాచు తుడుచుకున్నారు.

ఇంతవరకూ రాసి భోజనానికి వెళ్ళొచ్చేసరికి బల్ల మీద నీ ఉత్తరం ఉంది. వదినా, మీటింగులో చదివేశావా? రేవు రేవంతా రంగు వేసేసిందా? నేను నీ ఒక్కదానికి రాశాను, తిండి సంగతి తేలలేదని కూడా రాశాను. ఒక్కటి చెప్పు. అక్కడ నీళ్ళ రంగు ఎలా ఉంది? పచ్చగా, మసగ్గా ఉంటే తిండి ఉన్నట్టు. తేటగా ఉంటే లేనట్టు. వెంటనే రాయి.

కంగారుగా,
నేను

మార్చి 24

ఆడపడుచు గారికి,

నీళ్ళ రంగు అడిగావు. గాజు. అడుగున పడిపోయిన నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకోవచ్చు. ఆ నట్లు మనవే.

పడవలన్నీ రంగు వేసుకుని పెళ్ళికూతుళ్ళలా నీళ్ళలో నిలబడ్డాయి. గుల్ల అన్నది లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. రంగు ఘాటు మాత్రం రోజు రోజుకీ దిగిపోతోంది. సైరన్ ప్రతి ఉదయం గట్టు మీదకొచ్చి నలుగురూ వినేట్టు "ఏమమ్మా, మీ ఆడపడుచు పిల్లలు ఇంకా బయల్దేరలేదా?" అంటాడు. ఆయన గొంతుకు నలుగురేమిటి, అవతలి ఒడ్డుకీ వినపడుతుంది. అవతలి యార్డువాళ్ళు నవ్వుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది.

తేలలేదని రాశానంటావు. అన్నం ఈ ఉత్తరంలో, కూర వచ్చే ఉత్తరంలో వడ్డిస్తారా ఎవరైనా? "కాబట్టి తొందరగా వస్తాయి" అని ఢంకా బజాయించి రాసి, కింద ఎక్కడో నసిగితే నాకెలా అర్థమవుతుంది? నీ దగ్గర సీసా చెడిపోతే కడిగి మళ్ళీ పెట్టుకుంటావు. ఇక్కడ నాకు కడుక్కునే వీల్లేదు. మాట జారిందంటే జారిందే.

ఇంకో సంగతి. నీ రెండో ఉత్తరం చదివి నాకు తోచింది నేను చేశాను. వేడిగా ఉండి తిండి లేకపోతే చచ్చిపోతాయన్నావు. ఇక్కడ వేడి ఉంది, తిండి లేదు. అంటే ఈ ఏడాది గుల్లలే లేవు. నిన్న మీటింగులో అదే చెప్పాను. రంగు దండగైతే అయింది, గీకే బాధ తప్పిందన్నాను. సగంమంది చప్పట్లు కొట్టారు కూడా.

మీ అన్నయ్య మాత్రం ఈ విషయంలో నీ వైపు కాదు, నా వైపు కాదు. ఇద్దరికీ దూరంగా పడవ కింద దూరి పడుకుంటున్నాడు.

వదిన

మార్చి 29

వదినా,

సీసా కడిగి మళ్ళీ పెట్టుకుంటావని రాశావు. అది చదివి నీకు జవాబే రాయకూడదనుకున్నాను. కడిగిన సీసాలో ఏమున్నాయో నీకు తెలియదు. నీకు జరిగినదాంట్లో నా వంతు తొందర ఉంది, ఒప్పుకుంటున్నాను. నేను సీసాల సంగతి చెప్పాను, నువ్వు సముద్రం సంగతి విన్నావు. ఇద్దరం కలిసి మునిగాం. పోట్లాట మిగిలింది తర్వాత చేసుకుందాం, ఇప్పుడు ఇంతకంటే ముఖ్యమైనది ఉంది.

ఈ ఏడాది గుల్లలు లేవని దయచేసి ఎవరికీ చెప్పకు. చెప్పేశావు కాబట్టి, కాదని చెప్పు.

ఎందుకో ఈసారి పూర్తిగా రాస్తాను. నీళ్ళలో తిరుగుతున్న పిల్లలు ఆకలితో పోయి ఉండొచ్చు. కానీ మన రేవు గట్టు రాళ్ళకీ, వంతెన స్తంభాలకీ అంటుకుని ఉన్న తల్లుల మాటేమిటి? అవి గుల్ల లోపల పిల్లల్ని పొదువుకుని కూర్చుంటాయి. నీళ్ళలో తిండి దొరికే రోజు దాకా కొన్ని తల్లులు వాటిని బయటికి వదలవని డాక్టరమ్మ అంటారు. ఒక వాన గట్టిగా పడి, ఏటి నీళ్ళు రేవులోకి దిగితే వాటితో పాటు నాచుకు ఎరువు దిగినట్టే. గాజులాంటి నీళ్ళు పచ్చబడతాయి. అదే వాటికి భోజనాల పిలుపు. అప్పుడు వేడీ ఉంటుంది, తిండీ ఉంటుంది. నా వెచ్చటి తొట్టిలో కడుపునిండా తిన్నవి ఎలా పెరిగాయో రాశాను కదా, సరిగ్గా అలా వస్తాయి. పచ్చబడిన దగ్గర్నుంచి రెండు వారాలు కూడా పట్టకపోవచ్చు. అప్పటికి మీ రంగులో ఘాటు ఉండదు.

నీళ్ళు పచ్చబడిన రోజు నాకు తెలియజేయి. రాలేను గానీ ఏం చేయాలో ఆలోచిద్దాం. వెచ్చటి తొట్టిలో సీసాలు మళ్ళీ మొదలుపెట్టాను, రెండోసారీ అదే ఫలితం వస్తే తప్ప ఎవరూ నమ్మరు. రెండు పూటలా తిండి పెట్టాలి, ఒక్క రోజు కూడా కదిలే వీల్లేదు.

కోపం ఉన్నా,
నీ ఆడపడుచునే

ఏప్రిల్ 8

అమ్మడూ,

మొన్న వాన దంచికొట్టింది. ఈ ఉదయం రేవు నీళ్ళు పాచిపట్టిన సీసా రంగులో ఉన్నాయి. నట్లూ లేవు, బోల్టులూ లేవు, నా చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్ళు కనపడలేదు.

సంఘం దగ్గరికి మూడోసారి వెళ్ళాను. "మొదట వస్తాయన్నావు, రాలేదు. తర్వాత రావన్నావు. ఇప్పుడు వస్తాయంటున్నావు. మేం పడవలు నడుపుకోవాలా, నీ వెనక తిరగాలా?" అన్నాడు సైరన్. గొంతు పెంచకుండా అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. షికారు జనం వచ్చే రోజులు దగ్గరపడ్డాయి, ఇప్పుడు పడవ ఒడ్డెక్కిస్తే రోజు గడవదు, వాళ్ళ బాధా నిజమే.

నేను మన రెండు పడవలూ ఎక్కించేస్తున్నాను. ఎవరొచ్చినా రాకపోయినా సరే.

నిన్ను రమ్మని అడగడం లేదు. సీసాల సంగతి రాశావు, చదివాను. ఊరికే తెలియజేస్తున్నానంతే.

నీ వదిన

ఏప్రిల్ 15

వదినా,

క్షేమంగా చేరాను. మైక్రోస్కోప్ కూడా. బస్సులో పక్కాయన దాన్ని కుట్టు మిషను అనుకుని తన చొక్కా బొత్తాం చూపించాడు.

ఉన్న ఒక్క రోజూ నువ్వు వించి దగ్గర్నుంచి కదల్లేదు. నేను మీటింగుకు రమ్మంటే "నాలుగోసారి ఆ ముఖాలు చూడలేను" అన్నావు. అందుకని టిక్కెట్ల గది దగ్గర ఏం జరిగిందో చెప్తాను. మేస్త్రీ నీకు చెప్పే ఉంటాడు, కానీ అతను ప్రతిదానికీ రంగు పూస్తాడు.

సన్న వలతో రేవు నీళ్ళు వడగట్టి, చుక్క తీసి అద్దం కింద పెట్టాను. ప్రెసిడెంటు గారు వచ్చారు. "ఈసారి ఏం చదివి వినిపిస్తావమ్మా?" అన్నారు.

"ఏమీ చదవనండి. మీరే చూడండి."

ఆయన వంగారు. ఎంతసేపటికీ లేవలేదు. వెనక జనం తోసుకుంటున్నా లేవలేదు.

"ఈదుతున్నాయి" అన్నారు.

"అవునండీ."

"ఇంత చుక్కలో ఇన్నా?"

"రేవంతా ఇంతే."

"ఎక్కడికి పోతున్నాయి?"

"ఎక్కడికీ కాదు, ఇంకా తింటున్నాయి. తిండయ్యాక ఇల్లు వెతుక్కుంటాయి. మీ పడవలు ఎక్కడ కట్టారు?"

ఆయన తల తిప్పి ఓసారి అటు చూశారంతే. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "మీ వదినకు నా మీద కోపం బాగా ఉందా?" అని అడిగారు. వదినా, సైరన్ గుసగుసగా మాట్లాడటం నేను విన్నాను. అయితే ఆ గుసగుస కూడా మొదటి బెంచీ దాకా వినపడింది.

అందరూ నమ్మలేదు. ఒకాయన చూసి "ఇవి దుమ్ము" అని వెళ్ళిపోయాడు. ఉన్నంతలో సగంమంది మారారు.

బస్సెక్కే ముందు నాన్నను అడిగాను, ఇన్నేళ్ళూ ఆ వారం ఎలా కనిపెట్టేవారని. అటూ ఇటూ చూసి, "నాకేం తెలుసమ్మా. యార్డు ఖాళీగా ఉన్న వారం చూసి చెప్పేవాణ్ణి. కొన్నిసార్లు కుదిరింది, కొన్నిసార్లు గుల్లలు పట్టాయి. గట్టిగా చెప్పేవాణ్ణి కాబట్టి ఎవరూ అడగలేదు" అన్నారు. నువ్వు ఆయన స్థాయికి ఎదగలేదని కుమిలిపోతున్నావు కదా, అందుకని చెప్తున్నాను.

ఇక్కడ సీసాలు బాగానే ఉన్నాయి. డాక్టరమ్మ స్వయంగా తిండి పెట్టి చూసుకున్నారు.

చేతికంటిన నీలం రంగు ఇంకా పోలేదు,
నీ ఆడపడుచు

మే 2

అమ్మడూ,

ముందు ఇక్కడి సంగతి. నువ్వు వెళ్ళాక సైరన్ వచ్చి వించి పక్కన నిలబడ్డాడు. క్షమించమనలేదు, మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. తాగి, "నా పడవలు ముందు ఎక్కిస్తావా?" అన్నాడు. అప్పటికి మన రెండింట్లో ఒకటే ఎక్కింది. ర్యాంపు మీద చోటు ఎంతని? ఆయన పడవలు ఎక్కించి, ఆయన వెనకొచ్చినవీ ఎక్కించి, కడిగి, ఇంకో పూత వేసి దింపేసరికి రోజులు అయిపోయాయి. మన రెండోది, మామయ్య మొదట కొన్న ఆ పాత పడవ, నీళ్ళలోనే ఉండిపోయింది.

నువ్వు రాసినట్టే వచ్చాయి. ఒక్క వారంలో గట్టు రాళ్ళు, తాళ్ళు, స్తంభాలు, దేన్నీ వదల్లేదు. మళ్ళీ రంగు వేసిన పడవలు అద్దంలా ఉన్నాయి. దుమ్మన్నాయన పడవ తెల్లగా గరుకు తేలి, నాలుగు రోజుల కిందట రేవు మధ్యలో నిలిచిపోయింది. సైరన్ తాడేసి లాగాడు. లాగుతున్నంతసేపూ ఆయన ఏమన్నాడో నీకు అక్కడ వినపడే ఉంటుంది. అవతలి ఒడ్డు యార్డుకు ఎవరూ పోలేదు. నేను గెలిచాను. సంతోషంగా రెండు రోజులున్నాను.

మూడో రోజు మీ డాక్టరమ్మ యార్డుకు ఫోన్ చేశారు. బతికున్న తల్లి గుల్లలు కావాలి, మీ రేవులో దొరుకుతాయా అన్నారు. ఎందుకండీ, అక్కడ లేవా అన్నాను. అప్పుడు చెప్పారు. నువ్వు ఇక్కడున్న రోజు ఆవిడ ఇంటికొచ్చిన చుట్టాలకు వడ్డించినట్టు కొసరి కొసరి వడ్డించారట. ఎక్కువైన నాచు ఆ వెచ్చటి నీళ్ళలో కుళ్ళి, నువ్వు తిరిగి అక్కడికి వెళ్ళేసరికి సీసాలన్నీ పోయాయట. మళ్ళీ మొదలుపెట్టాలట. నీ పర్మనెంటు సంగతి వచ్చే సీజను దాకా ఆగిందట. "మీ ఆడపడుచు నన్ను ఒక్క మాటా అనలేదు" అన్నారు.

నాకూ చెప్పలేదు. బాగానే ఉన్నాయని రాశావు.

నేను రమ్మనలేదని రాసిన ఉత్తరం రమ్మనడమేనని నీకు తెలుసు. నాకూ తెలుసు. వస్తే ఏం పోతుందో కూడా చదివే రాశాను. చదివాను గానీ, నాకు అవి సీసాలే. ఎంతమందినో బతికించుకుంటున్నావని నా బుర్రకు ఎక్కలేదు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు, నువ్వే అర్థం చేసుకో.

నిన్న ఆ పాత పడవను ఒడ్డుకెక్కించాం. అడుగు చూడాలి నువ్వు, చెక్క కనపడటం లేదు. అన్నీ కొత్తగా కట్టిన చిన్న గుల్లలు, వాటి మధ్య మార్చిలో గీకినప్పుడు మూలల్లో తప్పించుకున్న పెద్ద తల్లులు. మేస్త్రీ పార పట్టుకుని వచ్చాడు.

"మొదలెట్టనా అమ్మా?"

"వద్దు. మళ్ళీ నీళ్ళలోకి దింపేయ్."

"గీకకుండానా? ఎండితే గట్టిపడతాయి కదా అని..."

"అందుకే దింపమంటున్నాను, ఎండకూడదు."

అతను నా వైపు, పడవ వైపు మార్చి మార్చి చూశాడు. "పాడైపోతుందమ్మా, ఎవరివని ఇవి?"

"మా ఆడపడుచువి" అన్నాను.

మీ అన్నయ్య పడవ కింద నుంచి బయటికి వచ్చి, అడుగుకు రాపిడి తగలకుండా పైనుంచి బిగించిన చిన్న చెక్కల్లో పెద్ద తల్లులు బాగా పట్టిన రెండిటిని జాగ్రత్తగా విప్పి ఇచ్చాడు. మూత ఉన్న బకెట్లో రేవు నీళ్ళు పోసి, చుట్టూ తడి గోనె చుట్టి సిద్ధం చేశాను. మంగళవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. వారం రోజులు ఉంటాను. పొద్దునా సాయంత్రం ఎంత పోయాలో, ఎక్కడ ఆపాలో నేర్పు. ఆ వారం నువ్వు నిద్రపో.

బస్టాండుకు రా. బకెట్ బరువుగా ఉంది, కుదుపులకు ఒలికించకుండా తేవాలి.

నీ వదిన